హెచ్-4 (డిపెండెంట్ వీసా)లో ఉన్న మా వాడికి 21 నిండబోతున్నాయి, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి మారినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అబ్బాయి రెండో క్లాసులో ఉండగా వచ్చాం. ఇప్పుడు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. వచ్చే మార్చిలో 21 నిండగానే హెచ్-4 పోతుంది. మా వారి ఐ-140 (గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో అప్రూవ్ అయింది గానీ, ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ) ఇండియా లైను ఏళ్ల తరబడి కదలదని మీకు తెలిసిందే.

డాకా (చిన్నప్పుడు వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవాళ్లని పంపేయకుండా ఆపే పథకం) కూడా మాకు వర్తించదు. అది 2012 జూన్ 15 నాటికి స్టేటస్ లేనివాళ్లకి. పద్ధతిగా వీసా మీద రావడమే అడ్డమైంది, ఏం చెప్పాలి!

ఇక్కడే ఉండి ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు) వేస్తే మంచిదా, హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లి ఎఫ్-1 వీసా స్టాంపింగ్ చేయించుకుంటే మంచిదా? చదువయ్యాక తిరిగి వెళ్లిపోతానని కాన్సులేట్‌లో నమ్మించాలి కదా, గ్రీన్‌కార్డు ఫైలు పెట్టుకుని ఏమని చెప్పాలి? మీ పిల్లల్ని ఏమడిగారు?

ఇంకోటి. వేసవికి ఇంటర్న్‌షిప్ ఆఫర్ వచ్చింది. హెచ్-4లో వాడు జీతం తీసుకోకూడదు. ఎఫ్-1 వస్తే సీపీటీ (చదువుతూనే కోర్సుకి సంబంధించిన పని చేసే అనుమతి) అడగొచ్చు, కానీ దానికి ఏడాది ఫుల్‌టైమ్ చదువు ఉండాలంటారు. హెచ్-4లో చదివిన ఏడాదిని మీ కాలేజీలో లెక్కేశారా? ఆఫర్ లెటర్‌కి ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి, వాడు రోజూ అది తెరిచి చూసుకుంటున్నాడు.

ఇన్‌స్టేట్ ఫీజు (ఈ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) అలాగే ఉంటుందా? యూనివర్సిటీ లీగల్ సర్వీసెస్ వాళ్లు ఇలాంటివి చూస్తారా, బయట లాయరే గతా? ఈమధ్యే ఇది దాటినవాళ్లు చెబితే మేలు.