క్రిస్మస్ కూడికలో అభ్యంగనం: ఏర్పాట్లపై చర్చ

ఆరాధన ఏర్పాట్ల బాధ్యుడు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. డల్లాస్‌లో మనం జరుపుకొనే క్రిస్మస్ కూడికకు కాజీపేట, హన్మకొండ, డోర్నకల్ కుటుంబాలు వస్తున్నాయి. ఊరి నుంచి వచ్చి ఉన్న పెద్దల్లో అనారోగ్యంతో ఉన్నవారికి అభ్యంగనం చేయాలన్న, అంటే నూనె రాసి ప్రార్థన చేయాలన్న ఆలోచన నాకు సంతోషం కలిగించింది. అయితే అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఒకే సీసాలోని నూనె రాయడం సరికాదని నా మనవి.

కాజీపేట ఫాతిమానగర్ కథీడ్రల్ చర్చి నీడలో పెరిగిన మా వంటి కతోలికులకు ఇది దివ్య సంస్కారం, అంటే దేవుని కృపను అందించే పవిత్ర కార్యం. మేత్రాణులు (బిషప్పులు) ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో ఆశీర్వదించిన వ్యాధిగ్రస్తుల తైలాన్ని గురువు (ఫాదర్) మాత్రమే నుదుటికి, చేతులకు పూస్తారు. జ్ఞానస్నానంలోనూ భద్రమైన అభ్యంగనంలోనూ (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) వాడే పరిమళ తైలం వేరు. మా నాయనమ్మ మంచాన పడినప్పుడు ఫాదర్‌గారిని పిలుస్తామంటే ఒప్పుకోలేదు. "అవస్థ అభ్యంగనం" అంటే ఇక పోయే గడియ వచ్చినట్టేనని ఆమె భయం. కతోలిక మేత్రాణులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ తరువాత 1972లో సవరించిన విధి ప్రకారం అది మరణశయ్యపై ఉన్నవారికే పరిమితం కాదు, తీవ్రంగా జబ్బుపడిన వారికీ వృద్ధాప్యంతో బలహీనులైన వారికీ ఇస్తారు. కాబట్టి ప్రకటనలో "అవస్థ" అన్న మాట రాయకుండా "వ్యాధిగ్రస్తుల అభ్యంగనం" అని రాయాలని గట్టిగా కోరుతున్నాను.

హన్మకొండ బాప్టిస్టు సంఘపు అక్క:
తమ్ముడూ, మీ మాట నాకు సబబుగా తోచింది. మా సంఘంలో ఇది సంస్కారం కాదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14వ వచనంలో చెప్పినట్టు, రోగి పిలిస్తే సంఘ పెద్దలు వెళ్లి ప్రభువు నామమున నూనె రాసి ప్రార్థిస్తారు; స్వస్థపరిచేది ప్రభువే గాని నూనె కాదని మా పాస్టరుగారు ప్రతిసారీ చెప్పేవారు. ఇంకొక సంగతి. "మోషే కాలపు అభిషేక తైలం" అని అమ్మే సీసాలు కొందామని ఒకరు సూచించారు. నిర్గమకాండం 30వ అధ్యాయంలో గోపరసం (సువాసన గల చెట్టు బంక), కాసియా (దాల్చినచెక్క లాంటి బెరడు) 500 తులాల చొప్పున, దాల్చినచెక్క, సువాసన గడ్డి 250 తులాల చొప్పున ఒలీవ నూనెలో కలపమన్న దేవుడే, అలాంటిది మరొకటి చేయకూడదని కూడా ఆజ్ఞాపించాడు. ఆ మాట చదివిన తరువాత అలాంటి సీసా పట్టుకోవడానికి నా చెయ్యి రాదు.

వైద్య సహాయ కార్యకర్త:
దాల్చినచెక్క నూనె వృద్ధుల పలుచని చర్మంపై మంట పుట్టించగలదు. అందువల్ల వాసన కలపని ఒలీవ నూనె చాలు. రాసే ముందు ప్రతి ఒక్కరినీ అడగాలి, వద్దన్నవారికి ప్రార్థన మాత్రమే చేయాలి.

ఆరాధన ఏర్పాట్ల బాధ్యుడు:
అక్కకు, వైద్య సహాయ మిత్రులకు కృతజ్ఞతలు. కతోలిక పెద్దలకు చిన్న గదిలో ఇక్కడి విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదర్) తాము తెచ్చుకొనే తైలంతో సంస్కారం ఇచ్చేలా అడుగుతాను. హాలులో పాస్టర్లు, సంఘ పెద్దలు ప్రార్థన చేస్తారు. ఆశీర్వదించిన తైలం తుడిచిన దూదిని మాత్రం దయచేసి ఎవరూ చెత్తబుట్టలో వేయవద్దు, దాన్ని ఫాదర్‌గారికే అప్పగిద్దాం. నడవలేని పెద్దలను గది దాకా చేయి పట్టి తీసుకురావడానికి నలుగురు యువకులు కావాలి. వీలున్నవారు ఇక్కడే తెలియజేయండి.