అమ్మ వేలిముద్రతో 10,000 పోయాయి, బ్యాంకు వాళ్లు మీరే తీశారంటున్నారు

గుంటూరు అమ్మాయి:
అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. వేళ్లు అరిగిపోయి రేషన్ షాపులో నాలుగైదుసార్లు పెడితే గానీ ముద్ర పడదు. అలాంటిది శనివారం ఆమె ఖాతాలోంచి ఆధార్ మీద 10,000 డ్రా అయినట్టు మెసేజ్ వచ్చింది. అమ్మకి చదవడం రాదు, నేను ఈ రోజు (సోమవారం) చూశాను. బ్యాంకులో అడిగితే "వేలిముద్ర పడిందంటే మీరే తీసుకున్నట్టు" అన్నారు. పోయిన నెల ఇంటి స్థలం రిజిస్ట్రేషన్‌కి వేలిముద్రలు వేసింది, అక్కడి నుంచే పోయాయేమోనని నా భయం. చట్టంలో మాకు దారి ఉందా?

రిటైర్డ్ క్యాషియర్:
ఉందమ్మా. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా బయటివాళ్ల మోసమైతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు, ఆదివారం సెలవు. అంటే బుధవారం దాకా టైముంది. బ్యాంకులో రాసి ఇచ్చి, వాళ్ల ముద్ర వేసిన కాపీ తీసుకో. తప్పు మీదేనని నిరూపించాల్సింది బ్యాంకే. పది పనిదినాల్లో ఆ డబ్బు ఖాతాలో జమ చూపాలి కూడా. వేలిముద్ర పడిందన్న ఒక్క మాటతో తప్పించుకోనివ్వకు.

పెద్దపల్లి నుంచి:
మీ అనుమానం కొట్టిపారేసేది కాదండీ. 2018లో మా జిల్లాలోనే ఒక సిమ్ కార్డుల డీలర్ రిజిస్ట్రేషన్ పత్రాల్లోని ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి దొరికాడు. ఇప్పుడే ఆధార్ సంస్థ మొబైల్ యాప్ ఎంఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర పనిచేయకుండా ఆపేది) వేయండి, రేషన్‌కి వెళ్లినప్పుడు కాసేపు తీయొచ్చు. ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూపే ఆథెంటికేషన్ హిస్టరీ కూడా చూడండి, తేదీ, టైము ఉంటాయి. ఇంకొకటి, ఆధార్ చట్టం కింద నేరమని కోర్టుకి వెళ్లే హక్కు మొదట ఆధార్ సంస్థకే ఉండేది. 2019 సవరణతో బాధితులకూ వచ్చింది. మా కాలనీలో చాలామందికి ఈ సంగతే తెలియదు, అది నాకు నిజంగా బాధ.

గుంటూరు అమ్మాయి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. 1930కి చెప్పాను, లాక్ వేశాను. మంగళవారం బ్యాంకులో మొదట అర్జీ తీసుకోనన్నారు. ముద్ర వేసిన కాపీ ఇచ్చేదాకా నేను, అమ్మ అక్కడే కూర్చున్నాం. హిస్టరీలో టైము శనివారం సాయంత్రం 4:52 అని ఉంది. అప్పుడు అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర పనిలో ఉంది. మేస్త్రీ హాజరు పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి అర్జీకి జత చేశాను.