విజార్డ్స్ కుర్రాళ్లు ఎదుగుతున్నారని ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇక్కడ నా ఫ్రెండ్స్ అందరికీ క్రికెట్టే లోకం. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) గురించి అడగడానికి ఎవరూ లేక మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను వాషింగ్టన్ విజార్డ్స్ అభిమానిని. సీజన్‌కు 82 మ్యాచులుంటే 2023-24లో 15, 2024-25లో 18 మాత్రమే గెలిచారు. అయినా ఈ కుర్రాళ్ల మీద నాకు గట్టి నమ్మకం. అలెక్స్ సార్ (Sarr, ఇంటిపేరే) 2024-25లో, తన తొలి సీజన్‌లోనే కొత్త ఆటగాళ్ల ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు. అప్పటికి పందొమ్మిదేళ్ల బబ్ క్యారింగ్టన్ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఓడిపోతున్న టీమ్‌లో రోజూ దిగి ఆడటం చిన్న విషయమా! 2025 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఆరో ఎంపికగా ట్రే జాన్సన్ కూడా వచ్చాడు. డెట్రాయిట్ పిస్టన్స్ 14 విజయాల నుంచి మరుసటి ఏడాదే 44కి వెళ్లింది కదా, మనవాళ్లెందుకు వెళ్లలేరు?

నా సందేహమల్లా అలెక్స్ సార్ గురించే. తొలి ఏడాది వేసిన షాట్లలో సగం కూడా పడలేదు. డిఫెన్స్‌లో అతను చేసే పనిలో, బ్లాక్స్ (ప్రత్యర్థి షాట్లను చేత్తో ఆపడం) లాంటివి తప్ప, చాలావరకు స్కోరుకార్డులో కనపడదు. రెండో ఏడాది నిజంగా మెరుగయ్యాడో లేదో దేన్ని బట్టి చెప్పాలి? చలికాలంలో చాలా మ్యాచులు మనకు తెల్లవారుజామున 5:30కి మొదలవుతాయి, డ్యూటీ వల్ల అన్నీ చూడలేను. చూసిన కాసేపట్లో ఏం గమనించాలో తెలిసినవాళ్లు చెప్పండి. గుణుపురం, రాయగడ వైపు ఎవరైనా బాస్కెట్‌బాల్ చూసేవాళ్లుంటే పలకండి, కలిసి చూద్దాం.