వానలు వెనకపట్టాయి, పెరట్లో పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నేల మీద నాలుగు మడులు, కొన్ని కుండీలు ఉన్నాయి. బెండ, గోరుచిక్కుడు, బీరపాదు ముదిరిపోయాయి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపుపచ్చగా తేలాయి. కుండీల్లో మట్టి గట్టిపడి పైన నాచు పట్టింది. గులాబీలు సన్నగా పొడుగ్గా సాగాయి. చలికాలానికి క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, క్యారెట్, పాలకూర, కొత్తిమీర వేయాలని ఉంది. అన్నీ పీకేసి ఒకేసారి వేసేయొచ్చా? ఏది ముందు, ఏది వెనక?

జవాబు:
ముందు నారు పోయండి, ఆ తర్వాతే శుభ్రం చేయడం మొదలుపెట్టండి. పెరడంతా సర్దాక విత్తనాల సంగతి చూద్దామనుకుంటే ఓ నెల ఊరికే పోతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా నారు నాటే ఎత్తుకు రావడానికి 25 నుంచి 30 రోజులు కావాలి. పాత మొక్కలు తీయడానికి, మట్టిని ఆరబెట్టి ఎరువు కలిపి మాగనివ్వడానికి మూడు వారాలు ఎటూ పడుతుంది. రెండు పనులూ పక్కపక్కనే నడిస్తే నారు అందేసరికి మడి సిద్ధంగా ఉంటుంది.

నారుకి మూడంగుళాల లోతున్న ట్రే చాలు, అడుగున చిల్లులు మాత్రం తప్పనిసరి. కొబ్బరిపొట్టు సగం, జల్లించిన వర్మీకంపోస్టు సగం కలిపి నింపండి. వేలెడు దూరంలో గీతలు గీసి, అర సెంటీమీటరు లోతున విత్తనాలు పల్చగా వేయండి. ట్రే మీద మూత ఏదైనా కప్పి ఉంటే మొలక కనిపించిన రోజే తీసేసి ఎండ తగిలే చోటికి మార్చండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు సన్నగా సాగి పడిపోతాయి.

ఒక్క బెండ విషయంలో మాత్రం ఆగకండి. మీరు చెప్పేది పల్లాకు తెగులు, దాన్ని మోసేది తెల్లదోమ. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసేదీ ఆ దోమే. నారు మొలిచేలోపు బెండ మొక్కలు పెరట్లో ఉండకూడదు. తెల్లవారుజామున చల్లదనానికి దోమ మందకొడిగా ఉంటుంది. అప్పుడే మొక్కను కుదపకుండా సంచిలోకి దించి మూతి కట్టేయండి. ఎండలో పీకి గట్టు మీద పడేస్తే దోమంతా లేచి పక్క మొక్కల మీదికి చేరుతుంది. నారు ట్రే మీద సన్నకన్ను దోమతెర కప్పితే ఇంకా మంచిది.

గోరుచిక్కుడుని పీకకండి, నేల మట్టానికి కోసేయండి. వేళ్లు లోపలే కుళ్లి మట్టిని గుల్ల చేస్తాయి, వేరుబుడిపెల్లోని కొంత నత్రజని నేలకి దక్కుతుంది. కాయలు కాసిన మొక్క నత్రజనిలో ఎక్కువ భాగం గింజల్లోకే వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి ఎరువు మానేయడానికి అది చాలదు. బీరపాదు కింద రాలి కుళ్లిన కాయలుంటే ముందు అవి ఏరేయండి. వాటిలోని పండుఈగ పురుగులు మట్టిలోకి దిగి ప్యూపాలవుతాయి (ఈగగా మారే ముందు దశ). పాదు అడుగున రెండు మూడంగుళాలు తిరగేసి ఎండ తగలనిస్తే చాలావరకు పోతాయి.

ప్రశ్న (అదే వ్యక్తి):
కుండీల మట్టి పారేసి కొత్తది నింపాలా? అందులో నత్తలు కూడా ఉన్నాయి.

జవాబు:
పారేయకండి. వాన మట్టిని పాడు చేయలేదు, అందులోని నత్రజనినీ పొటాష్‌నీ కడిగేసింది, గాలి ఆడే సందుల్ని పూడ్చేసింది. ఈ రెండూ సరిచేయొచ్చు. మట్టిని గోనె మీద పల్చగా పరచి, గడ్డలు చితక్కొట్టి, నాలుగు రోజులు ఎండనివ్వండి. తర్వాత పాత మట్టి రెండు వంతులకి మాగిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ ఒక వంతు, మరీ బంకగా ఉంటే కొబ్బరిపొట్టు అర వంతు కలపండి. పన్నెండంగుళాల కుండీకి వేపపిండి 50 గ్రాములు సరిపోతుంది.

కలిపిన మట్టిని కాస్త తడిపి నీడలో రెండు వారాలు ఉంచాలి. ఈ గడువు తప్పితేనే వేళ్లు మాడేది: పిండి కుళ్లేటప్పుడు వేడి, అమ్మోనియా పుడతాయి, లేత వేళ్లు తట్టుకోలేవు. మధ్యలో పైన తెల్లటి బూజు కనిపిస్తే భయపడొద్దు, కలియబెట్టండి, పోతుంది.

నత్తలకి ఉప్పు చల్లేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నత్త ఒకటి చస్తుంది, ఉప్పు మాత్రం కుండీలో ఉండిపోయి మొక్కను చంపుతుంది. సాయంత్రం తడిపిన గోనెసంచి ముక్క నేల మీద పరిస్తే తెల్లారేసరికి దాని కింద చేరతాయి, ఏరేయండి. కుండీల అడుగులూ తిరగేసి చూడండి. మట్టిలో తెల్లటి ముత్యాల్లాంటి గుడ్ల గుత్తులు కనిపిస్తే అవి వీటివే, ఎండలో పడేయండి. ఖాళీ కుండీల్ని తోమి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి బాగా కడగండి. అందులో వెనిగర్ లాంటి పులుపు ఏదీ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

మరొకరి సందేహం:
వంగ, టమాటా పీకితే వేళ్ల నిండా ఉండలున్నాయి. ఇవి మంచి చేసే బుడిపెలేనా?

జవాబు:
కావు. కూరగాయల్లో నత్రజని బుడిపెలు చిక్కుడు జాతి మొక్కలకే వస్తాయి. అవి వేరుకి పక్కన అంటుకున్నట్టుండి గోటితో గీరితే ఊడొస్తాయి, పనిచేస్తున్నది చిదిపితే లోపల గులాబీ రంగు ఉంటుంది. మీరు చూసినవి మట్టిలో ఉండే నులిపురుగుల (నెమటోడ్ల) వల్ల వచ్చిన వేరుముడులు. ఇక్కడ ఉబ్బింది వేరు కాబట్టి గీరినా ఊడదు. ఆ వేళ్లను ముక్క కూడా మిగలకుండా తవ్వి తీసి కాల్చండి, కంపోస్టులో వేయొద్దు. ఆ మడిలో ఈసారి టమాటా, వంగ, మిరప, క్యారెట్ వద్దు. క్యారెట్‌కి సోకితే దుంప చీలికలై పనికిరాదు. మడి నిండా బంతి దట్టంగా వేయండి. బంతి వేళ్లలోని రసాయనం నులిపురుగుల్ని అణుస్తుంది, అయితే గట్టు వెంబడి నాలుగు మొక్కలు పెడితే ఫలితం ఉండదు. మడంతా కమ్మి రెండు మూడు నెలలు ఉండాలి. పాలిథిన్ కప్పి మట్టిని ఉడికించే పద్ధతి ఎండాకాలానికి దాచుకోండి, ఇప్పటి ఎండకు అంత వేడి రాదు.

మరొకరి సందేహం:
రాలిన ఆకులు బోలెడు. మడుల్లో కలిపి తవ్వేస్తే ఎరువవుతుందా?

జవాబు:
ఎండుటాకుల్ని నేరుగా మట్టిలో కలిపితే, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి. కొత్తగా నాటినవి పసుపెక్కి ఎదగకుండా నిలబడిపోయేది అందుకే. మట్టి పైన పరిస్తే ఆ బెడద ఉండదు. రెండంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం వేలెడు ఎడం వదలండి. ఆనించి పరిస్తే మొదలు కుళ్లుతుంది.

మిగిలినవాటితో కంపోస్టు చేసుకోండి. ఎండుటాకులు మూడు బుట్టలైతే పచ్చివి (కలుపు, కూరగాయల తొక్కలు) ఒకటిన్నర బుట్ట. చేత్తో పిండితే చేయి తడవాలి, నీళ్లు కారకూడదు. కుళ్లువాసన వస్తే తడి ఎక్కువైందని, కదలిక లేకపోతే పచ్చి తక్కువైందని లెక్క. ఇంకా తేలిక దారి ఉంది. ఆకుల్ని తడిపి చిల్లులు పెట్టిన సంచిలో కుక్కి ఓ మూల వదిలేయండి. ఆరు నెలల నుంచి ఏడాదిలో నల్లటి ఆకుమట్టి తయారవుతుంది. పోషకాలు తక్కువే గానీ తడి పట్టి ఉంచడంలో, నారు మిశ్రమంలో దానికి సాటి లేదు. గింజ కట్టిన కలుపుని మాత్రం వేయొద్దు, ఇంట్లో చేసే చిన్న కుప్ప ఆ గింజలు చచ్చేంత వేడెక్కదు.

ప్రశ్న (మొదటి వ్యక్తి):
కత్తెర పట్టుకున్నాను. గులాబీతో పాటు మల్లె, మామిడి కూడా కత్తిరించేయనా?

జవాబు:
గులాబీ ఒక్కటే. ఎండినవి, పెన్సిల్ కంటే సన్నవి, మధ్యలోకి పెరిగి రాసుకునేవి మొదలంటా తీసేయండి. మిగిలిన కొమ్మల పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించవచ్చు. బయటి వైపు చూసే కన్నుకి (చిగురు వచ్చే చోటు) అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోత పడాలి. ఎక్కువ వదిలితే ఆ మొన ఎండుతూ కిందికి దిగుతుంది. మొక్క మొక్కకీ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవండి, కోతలకి బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపినది) రాయండి. అంటు కింద నుంచి వచ్చిన రెమ్మలు అడవి గులాబీవి, వాటిని పుట్టిన చోటి నుంచే లాగేయాలి. ఆరేడు వారాల్లో పూలొస్తాయి.

మామిడిని ముట్టుకోకండి. పూత వచ్చేది ఇప్పుడు ముదురుతున్న కొమ్మల చివర్లలోనే, అవి నరికితే కాపు నరికినట్టే. మల్లెకు ఇంకా చలి ముదరాలి. అప్పటికి నీళ్లు తగ్గించి ఆకు వాడనిచ్చి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కత్తిరించండి.

ప్రశ్న (అదే వ్యక్తి):
ట్రేలో నారు మొలిచింది గానీ మట్టి దగ్గర కాడ నల్లబడి పడిపోతోంది.

జవాబు:
నారుకుళ్లు. దట్టంగా వేయడం, సాయంత్రం నీళ్లు పోయడం, గాలాడకపోవడం, ఈ మూడిట్లో ఏదో ఒకటి జరిగింది. పడినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. మిగిలినవాటికి పై పొర ఆరాకే పొద్దున పూట నీళ్లు, అదీ ట్రేని నీళ్లలో ఉంచి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి. మళ్లీ పోసేటప్పుడు కిలో వర్మీకంపోస్టుకి 10 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, తడిపి, వారం పది రోజులు నీడలో ఉంచి వాడండి. అది మేలు చేసే శిలీంధ్రమే కాబట్టి రాగి మందులు అదే మట్టిలో పోస్తే దెబ్బతినవచ్చు.

ఇంకొకరి చేర్పు:
క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్‌లకి నారు పోయకండి, మడిలోనే విత్తాలి. క్యారెట్ వేరు కొన విరిగితే దుంప రెండుగా చీలుతుంది. రాళ్లున్నా, పచ్చి ఎరువు వేసినా అంతే. క్యారెట్ మొలవడానికి రెండు వారాలు పైనే పట్టొచ్చు, అన్ని రోజులూ పై మట్టి ఆరకూడదు. పల్చటి గోనె కప్పి దాని మీద నీళ్లు చల్లండి, మొలక కనిపించగానే తీసేయండి. రెండంగుళాల ఎడం ఉండేలా పలచన చేయకపోతే దుంప ఊరదు. ధనియాల్ని రెండు బద్దలుగా నలిపి పన్నెండు గంటలు నానబెట్టి చల్లాలి, పిండి చేయకూడదు. కాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు ముందస్తు రకమా, మధ్యకాలపుదా, ఆలస్యపుదా అని పొట్లం మీద చూడాలి. ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేస్తే మొక్క ఎదగకముందే బొత్తాం అంత పువ్వు వేసి ఆగిపోతుంది. ముదిరిన నారు నాటినా అదే జరుగుతుంది, ఐదారు ఆకుల్లోనే నాటేయండి.

ఇక పందిళ్లూ ఎత్తైన మొక్కలూ మడికి ఉత్తరం వైపు పెట్టండి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, నీడలు పొడుగవుతాయి. వానాకాలంలో ఎండ పడిన మడికి ఇప్పుడు గోడ నీడ రావచ్చు. నాటే ముందు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసుకోండి. ఆకుకూరలు నాలుగు గంటల ఎండతో సర్దుకుంటాయి, టమాటాకి ఆరు గంటలైనా కావాలి.

మరొకరి సందేహం:
చామంతి గుబురుగా పెరిగింది, మొగ్గ మాత్రం లేదు. వరండా పక్కన ఉంది. తలలు తుంచనా?

జవాబు:
ఇప్పుడు తుంచకండి, మొగ్గలు కట్టే చివర్లే పోతాయి. తుంచడం వానలుండగానే ఆపేయాల్సిన పని. చామంతికి రాత్రి పొడుగవుతున్నట్టు తెలియాలి, అప్పుడే మొగ్గ వేస్తుంది. వరండా లైటు రాత్రిళ్లు మీద పడుతుంటే మొక్కకి అది పగలే, ఆకులు వేస్తూ పోతుంది. కుండీ అయితే లైటు పడని చోటికి జరపండి. నేలలో ఉంటే లైటైనా ఆర్పాలి, లేదా సాయంత్రం నుంచి పొద్దుటి దాకా లైటుకి అడ్డంగా నల్లగుడ్డ కట్టాలి. మొగ్గలు రంగు తేలేదాకా ఒక్క రాత్రీ మానకండి. నత్రజని ఎరువులు ఆపి, లేత మొనల మీద పేనుబంక చేరిందేమో చూస్తుండండి. కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ దిగాక ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. ఆకుల మీద బూడిద తెగులు కూడా ఉంటే గంధకం మందు కొట్టడానికి, వేపనూనె కొట్టిన నాటి నుంచి రెండు వారాలు ఎడం ఇవ్వండి. దగ్గర దగ్గరగా కొడితే ఆకులు మాడతాయి.