ఆన్‌లైన్‌లో బొటానికల్ పెయింటింగ్ నేర్పడం: కాగితం తడి, అసలు రంగు కెమెరాలో తెలియట్లేదు, ఏం చేయాలి?

కలువరేకు అడిగారు:

అందరికీ నమస్కారం. వాటర్‌కలర్‌తో మొక్కల బొమ్మలు వేయడం మీద జూమ్‌లో బ్యాచ్ పెడుతున్నాను. అక్టోబర్ నుంచి 6 వారాలు, ఆదివారం పొద్దున 8కి, 2 గంటల క్లాసు. 12 మంది చేరారు. ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడ వాళ్లు, ముగ్గురు డాలస్‌లో ఉంటారు. పెన్సిల్ డ్రాయింగ్ అందరికీ వచ్చు, రంగులకి కొత్త.

ట్రయల్ క్లాసులో మూడు చోట్ల ఇబ్బంది వచ్చింది. మందారం ఆకు మీద తడి కాగితంపై రంగు వదలడం చూపించాను, సగం మందికి కాలీఫ్లవర్ మరకలు (కాలీఫ్లవర్ అంచులా వంకరటింకరగా పాకినవి) పడ్డాయి. ఎర్ర మందారం రేక నా ఫోన్ కెమెరాలో ఒకే ఎర్ర ముద్దలా వచ్చింది. వాళ్లు పంపిన ఫొటోల్లో ఆకుపచ్చ ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంది, తప్పు మిశ్రమానిదో ఫోన్‌దో చెప్పలేకపోయాను.

ఇప్పటి సెటప్: వాలు బోర్డు, ట్రైపాడ్ మీద ముందుకు వంచిన ఫోన్, పైన ట్యూబ్‌లైట్. రెండో వారంలో మందారం పువ్వు, నాలుగో వారంలో తంగేడు అనుకుంటున్నాను. మార్చాల్సినవి చెప్పండి.

---

ఈనెపుల్ల జవాబు:

మరకల సంగతి ముందు. అది విద్యార్థుల తప్పు కాదండీ, పైనుంచి చూసే కెమెరాకి తడి కనిపించదు. నిటారుగా చూస్తే తడి కాగితం, పొడి కాగితం దాదాపు ఒకేలా ఉంటాయి. మెరుపు కనపడాలంటే పక్కనుంచి, కాగితానికి 20–30 డిగ్రీల ఎత్తులో, కిటికీకి ఎదురుగా చూడాలి. పాత ఫోన్ ఒకటి ఉంటే రెండో కెమెరాగా ఆ కోణంలో పెట్టండి. క్లాసంతా అక్కర్లేదు, నీళ్లు పూసే ఆ రెండు నిమిషాలు చూపిస్తే చాలు.

చూపిస్తూ మూడు దశలకీ పేరు పెట్టి చెప్పండి: నీళ్లు నిలబడి అద్దంలా మెరవడం, ఆ నీరు ఇంకి పట్టుచీర మీద మెరుపులా సమంగా నిగనిగలాడటం, మెరుపు పోయి చల్లదనం మాత్రం మిగలడం. రంగు వదలాల్సింది రెండో దశలో. మొదటి దశలో వదిలితే రంగు ఈదుకుంటూ అంచుకి పోతుంది. మూడో దశలో వదిలితే బ్రష్‌లో ఉన్న ఎక్కువ నీరు ఆరుతున్న కాగితంలోకి చొచ్చుకుపోయి అక్కడున్న రంగుని బయటికి నెడుతుంది, ఆ నెట్టిన అంచే కాలీఫ్లవర్. "30 సెకన్లు ఆగండి" అని మాత్రం చెప్పకండి. ఫ్యాన్ కింద హైదరాబాద్‌లో ఆరే వేగం వేరు, ఉక్కపోతలో విజయవాడలో వేరు, డాలస్‌లో హీటర్ వేసిన గదిలో మరీ వేరు. గడియారం పనికిరాదు, మెరుపే కొలత. నీళ్లు పూసేటప్పుడు ఫ్యాన్ ఆపమనండి.

రెండో పొర వేసేముందు వేలి వెనకవైపు కాగితానికి ఆనించి చూడమనండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు, ఇప్పుడు వేస్తే కింది పొర లేచి వస్తుంది.

ఇక సెటప్. వాలు బోర్డు ఉంచుకోండి కానీ కెమెరా కూడా అదే వాలుకి లంబంగా ఉండాలి. బోర్డు 25 డిగ్రీలు వాలి, ఫోన్ నేలకి సమాంతరంగా ఉంటే ఆకు పొడవు దాదాపు పదో వంతు తగ్గి కనిపిస్తుంది. స్క్రీన్ చూసి గీసేవాళ్లంతా పొట్టి ఆకులు గీస్తారు. బోర్డు మీద స్కేలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి, స్క్రీన్ మీద రెండింటి సెంటీమీటర్లూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫోన్‌ని పట్టుకున్న స్టాండు కడ్డీ మీరు బ్రష్ పట్టే చేతికి ఎదుటి పక్కనుంచి రావాలి, లేకపోతే మీ తల ఫ్రేములోకి వస్తుంది.

ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగానే చూపే సర్దుబాటు) మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే మీ చెయ్యి ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా కాగితం ఒకసారి నీలంగా, ఒకసారి పసుపుగా మారుతుంది. ఎర్ర రేక ముద్దగా రావడానికి కారణం కెమెరాలో ఎరుపుని నమోదు చేసే ఛానల్ నిండిపోయి ఛాయల తేడా పోవడం. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి చూడండి. కాగితం కాస్త బూడిదగా కనిపిస్తుంది, ఫర్వాలేదు, రేకలోని ఈనెలు బయటికొస్తాయి.

జూమ్‌లో మిర్రర్ (బొమ్మని అద్దంలోలా కుడిఎడమలు తిప్పి చూపేది) తీసేయండి. ముఖాన్ని నునుపు చేసే టచ్ అప్, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఏవీ ఆన్‌లో ఉండకూడదు, డ్రై బ్రష్ గీతల్ని (దాదాపు పొడి బ్రష్‌తో వేసే సన్న గీతల్ని) అవే మింగేస్తాయి. పైనున్న కెమెరాని మామూలు వీడియోగా కాకుండా షేర్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉండే 'కంటెంట్ ఫ్రమ్ సెకండ్ కెమెరా' ద్వారా పంపండి, అందరికీ పెద్దగా కనిపిస్తుంది, ఎవరూ పిన్ చేసుకోనక్కర్లేదు. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే మీటింగ్ తెగిపోతుందని మీకు తెలిసే ఉంటుంది.

ట్యూబ్‌లైట్ వద్దు. 5000 నుంచి 5500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్ఈడీ ఒకటి చాలు, పైన ఎడమవైపు నుంచి. రెండు దీపాలు పెడితే మొక్కకి రెండు నీడలు పడతాయి, నేర్చుకునేవాళ్లకి వెలుగెటో అర్థం కాదు. కాగితానికి విడిగా దీపం కావాల్సివస్తే మొక్కకీ దానికీ మధ్య నల్ల అట్ట అడ్డం పెట్టండి.

---

హెచ్‌బీ_0.3 జవాబు:

కెమెరా గురించి ఈనెపుల్ల గారు చెప్పేశారు. నాకు అభ్యంతరం మీ వారాల క్రమం మీద. రంగుకి కొత్తవాళ్లకి రెండో వారంలో పువ్వు తొందర. ఇంకో చిక్కు: మీకు ఆదివారం పొద్దున 8 అంటే డాలస్‌లో శనివారం రాత్రి 9:30. మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోయే పువ్వు. ఆ ముగ్గురికీ చేతిలో వాడిన పువ్వే ఉంటుంది. పొద్దున్నే విచ్చిన పువ్వుని కోసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రాత్రి దాకా విచ్చుకునే ఉంటుంది, ముందే చెప్పండి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, బ్యాచ్ మధ్యలో వాళ్ల టైము 8:30 అవుతుంది. అదీ ముందే రాసి పంపండి.

మొదటి వారం అసలు రంగే వద్దు. పచ్చిమిర్చి. హైదరాబాద్‌లోనూ డాలస్ ఇండియన్ స్టోర్‌లోనూ దొరుకుతుంది, ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది, కాబట్టి రెండు క్లాసులకీ అదే కాయ. డివైడర్‌తో పొడవు, వెడల్పు, తొడిమ, ముచ్చిక కొలిచి 1:1లో, అంటే అసలు సైజులోనే గీయించండి. కంటి అంచనా మీద వదిలేస్తే చాలామంది తొడిమని లావుగా, కాయని పొట్టిగా గీస్తారు. రెండో వారం అదే మిర్చికి రంగు: మెరుపున్న చోటు కాగితం తెల్లగా వదిలేయడం, గుండ్రం చూపించడం. మూడో వారం ఆకు. నాలుగో వారం వంకాయ, ఎందుకంటే దాని ముదురు ఊదా మీద మెరుపు అంచు మెత్తగా కలపడం అప్పటికి అర్థమవుతుంది. అయిదు, ఆరు వారాలు పువ్వు.

పువ్వు మందారమైతే రేక మందారమే తెచ్చుకోమనండి. ముద్ద మందారంలో కేసరాలే (పుప్పొడి ఉండే భాగాలే) రేకల్లా మారిపోయి ఉంటాయి, నిర్మాణం కనపడదు. పువ్వుని బ్లేడుతో నిలువునా చీల్చి చూడాల్సిందే. మధ్య కాడ ఒట్టి కాడ కాదు, కేసరాలన్నీ కలిసిన గొట్టం, దాని లోపల్నుంచి కీలం (అండాశయం నుంచి లేచే సన్న కాడ) పైకొచ్చి 5 కొమ్మలుగా చీలుతుంది. రక్షక పత్రాల (పువ్వు అడుగున ఉండే పచ్చ భాగాల) కింద సన్నటి పచ్చ రేకులు ఇంకో వరుస ఉంటాయి. ఆ రెండు వరుసల్నీ కలిపేసి గీయడం మందారం బొమ్మల్లో అందరూ చేసే తప్పు.

కాగితం విషయంలో రాజీ పడకండి. 300 జీఎస్ఎం (కాగితం మందం తెలిపే బరువు), 100 శాతం కాటన్, హాట్ ప్రెస్ (నునుపు కాగితం). గరుకు కోల్డ్ ప్రెస్ మీద సన్న ఈనె తిన్నగా రాదు. కాటన్ తక్కువ ఉన్న కాగితం రంగు తుడిచి ఎత్తేటప్పుడు లేచిపోతుంది. ఖరీదు ఎక్కువంటారా, 56×76 సెం.మీ. పూర్తి షీటు కొని 19×28 ముక్కలు కోస్తే 8 వస్తాయి. 6 వారాలకి ఒక షీటు సరిపోతుంది. గీసేది మాత్రం మామూలు కాగితం మీద గీసి, ట్రేసింగ్ పేపర్‌తో ఎక్కించండి. హాట్ ప్రెస్ మీద రబ్బరు రుద్దితే పైపొర చెదిరి, అక్కడ రంగు మచ్చగా పట్టుకుంటుంది. మెత్తటి పిండిలాంటి నీడెడ్ రబ్బరుతో అద్ది తీయాలి.

---

నీలిమందు జవాబు:

ఆకుపచ్చ గొడవకి వస్తా. ఫొటోలో రంగు తప్పు అని ఎవరికీ చెప్పకండి, మీరు చూస్తున్నది వాళ్ల రంగు కాదు, వాళ్ల ఫోన్ ఊహించిన రంగు. తీర్పు వాళ్ల బల్ల మీదే జరగాలి. తెల్ల అట్ట ముక్కకి 5 మి.మీ. రంధ్రం కొట్టి ఆకు మీద పెట్టమనండి. రంధ్రంలోంచి కనిపించే పచ్చని, ఆరిన రంగు నమూనాతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఆరిన అనే మాట ఒత్తి చెప్పండి, వాటర్‌కలర్ ఆరాక పాలిపోతుంది. చుట్టూ తెలుపు ఉంటేనే కన్ను మోసపోకుండా ఉంటుంది. మీరు అడగాల్సింది ఒకటే: పసుపు తక్కువైందా, నీలం తక్కువైందా, ఎరుపు పడాలా?

దీనికి అందరి దగ్గరా ఒకే రంగులుండాలి. పేర్లు నమ్మొద్దు, కంపెనీ కంపెనీకి మారతాయి. ట్యూబు వెనక పిగ్మెంట్ నంబరు (లోపల వాడిన రంగు పదార్థం కోడ్) చూడాలి. పసుపు పీవై 154, గులాబీ ఎరుపు పీవీ 19, నీలాలు పీబీ 29, పీబీ 15. ఈ నాలుగుతో మొదలుపెట్టొచ్చు, మందారం వారానికి నారింజ వైపు ఎరుపు ఒకటి చేర్చుకోవచ్చు. పీఆర్ 83 ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ వెలుగుకి వెలిసిపోతుంది, కిట్ జాబితాలో పెట్టకండి. డబ్బాలో వచ్చే రెడీమేడ్ ఆకుపచ్చ తీసి పక్కన పెట్టమనండి. పీవై 154, పీబీ 29 కలిపి, రవ్వంత పీవీ 19 తగిలిస్తే మందారం ఆకు పచ్చకి దగ్గరకొస్తారు. పీబీ 15 వాడితే నీలం చాలా తక్కువ పడాలి, అది గట్టి రంగు, ఒక్క బొట్టు ఎక్కువైనా ప్లాస్టిక్ ఆకైపోతుంది.

ఫొటో ఎలా పంపాలో కూడా నియమం పెట్టండి: పగటి వెలుగు, నేరుగా ఎండ కాదు, ఫోన్ కాగితానికి సమాంతరంగా, చుట్టూ తెల్ల కాగితం అంచు కనపడేలా. దగ్గరగా పెట్టి తీస్తే మధ్య భాగం ఉబ్బుతుంది, కాస్త దూరం జరిగి 2ఎక్స్‌లో తీయాలి. వచ్చిన ఫొటోని ముందు నలుపు తెలుపులోకి మార్చి చూడండి. వెలుగునీడలు సరిగా ఉన్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది, నూటికి తొంభై బొమ్మల్లో లోపం రంగుది కాదు, ముదురు చాలకపోవడం. భయంతో రెండు పొరలకే ఆపేస్తారు.

12 మంది ఎక్కువేనండీ. 2 గంటల్లో ఒక్కొక్కరికి 5 నిమిషాలిస్తే గంట అక్కడే పోతుంది. 8 మంది దాటితే దిద్దుబాటు క్లాసు బయట, రికార్డ్ చేసిన మాటతో పంపడం నయం. క్లాసులో టైము మిగలాలంటే ఒకే ఆకుని నాలుగు ముక్కల మీద నాలుగు దశల్లో ముందే వేసి పెట్టుకోండి. వంటల ప్రోగ్రాంలో పోపు పెట్టిన గిన్నె పక్కనుంచి తీసినట్టు, ఆరేదాకా ఆగకుండా తర్వాతి ముక్క తీయొచ్చు.

---

కలువరేకు:

చాలా థాంక్స్ అండీ. క్రమం మార్చేస్తున్నాను, మొదట మిర్చే. 12 మందినీ ఆరేసి మందిగా రెండు బ్యాచులు చేస్తాను. తంగేడు మాత్రం వదలబుద్ధి కావట్లేదు, బతుకమ్మ రోజుల్లో హైదరాబాద్ వాళ్లకి బాగా దొరుకుతుంది. పసుపు పువ్వుకి నీడ ఎలా? నీలం కలిపితే పచ్చగా, నలుపు కలిపితే మురికిగా వస్తోంది. డాలస్ వాళ్లకి ఏమివ్వాలి?

---

నీలిమందు:

పీవీ 19, పీబీ 29 కలిపి పల్చటి ఊదా చేసుకుని, అందులో అదే పసుపు కొద్దికొద్దిగా పోస్తూ ఊదా చచ్చి బూడిద రంగు వచ్చేదాకా కలపండి. ఆ బూడిదని నీళ్లలా పల్చగా చేసి నీడ ముందు వేయాలి, పూర్తిగా ఆరాక పైన పసుపు. వరుస తిప్పితే, అంటే పసుపు మీద బూడిద రుద్దితే, కింది పసుపు లేచి మురికవుతుంది. మడతల లోతులో మాత్రం పసుపులో రవ్వంత పీవీ 19 వేసి నారింజ వైపు తిప్పండి. అన్నట్టు, తెల్ల కాగితం మీద పసుపు రేక అంచు కనపడట్లేదని పెన్సిల్ గీత ముదురు చేస్తారు, ఆ గీత పసుపు కింద జన్మలో పోదు. రంగు వేసేముందు గీతని అద్ది, కనీకనపడనట్టు చేయించండి. అంచు తేలాలంటే పువ్వు వెనక ఆకు వచ్చేలా కొమ్మని తిప్పి పెట్టుకోవాలి.

---

హెచ్‌బీ_0.3:

తంగేడు గీసేటప్పుడు పువ్వు కంటే ఆకు మొదట్లో చూడండి. కాడ కొమ్మకి అతికే చోట రెండు పక్కలా చెవుల్లాంటి పెద్ద పత్రపుచ్ఛాలు ఉంటాయి, రాలిపోకుండా నిలుస్తాయి. తంగేడుని గుర్తుపట్టేది వాటితోనే, బొమ్మల్లో ఎగిరిపోయేవీ అవే. పత్రకాలు (ఒకే ఆకులోని చిన్న ఆకులు) జంటలుగా వస్తాయి, చివర ఒంటి పత్రకం ఉండదు. లెక్కపెట్టి గీయించండి. ప్రతి జంట మధ్యా కాడ మీద చిన్న గ్రంథి నిలబడి ఉంటుంది, భూతద్దంతో చూపించండి. కేసరాలు 10, అన్నీ ఒకలా ఉండవు, పైన మూడు గొడ్డువి.

డాలస్ వాళ్లకి ఎండిన తంగేడు కాయో ఫొటోనో ఇవ్వొద్దు. పసుపు క్యాప్సికం ఇవ్వండి, నీడ పాఠం అదే. నిర్మాణం కోసం వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం పలకలు (అచ్చు బొమ్మల పేజీలు) చూపించండి. ఆయన సామర్లకోట తోటలో ఉన్న రోజుల్లో భారతీయ చిత్రకారులతో వేయించిన బొమ్మల్లోంచి వచ్చిన పుస్తకం అది, 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయింది, మొత్తం 300 పలకలు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రంగు కోసం కాదు, కొమ్మని కాగితంలో ఎలా పడుకోబెట్టారో, చీల్చిన పువ్వు భాగాల్ని విడిగా ఎక్కడ పెట్టారో చూడమనండి. పెద్దది చేసి గీసిన ప్రతి భాగం పక్కనా స్కేల్ బార్ (అసలు పొడవు ఎంతో చూపే చిన్న గీత) గీయించండి. "×3" అని రాస్తే, బొమ్మని అచ్చులో చిన్నది చేసిన రోజు ఆ అంకె అబద్ధమైపోతుంది.