బోర్డులో ఎవరున్నారో చూసి షేర్లు కొనొచ్చా?

మారతహళ్లి_మధు:
ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే కంపెనీతో వేరే లావాదేవీలేవీ లేని బయటివాళ్లు, ఎక్కువున్న కంపెనీల్లోనే డబ్బు పెడతానంటాడు మా కొలీగ్. నిజంగా బోర్డుకీ లాభాలకీ లింకు ఉందా? బెంగళూరులో ఈ వ్యవహారాలు దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి.

రాజాజీనగర్_సీఎస్:
నేను కంపెనీ సెక్రటరీనండి. లిస్టెడ్ కంపెనీ చైర్మన్ ప్రమోటరో (కంపెనీ పెట్టి, పట్టు చేతిలో ఉంచుకున్నవాడు) ఎగ్జిక్యూటివో (రోజువారీ నడిపేవాడు) అయితే బోర్డులో కనీసం సగం మంది ఇండిపెండెంట్లు ఉండాలి, లేదంటే మూడోవంతు. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ రూలే అది, అందరూ పాటించాల్సిందే, ఇక దాన్నిబట్టి ఎవరు మంచోళ్లో ఏం తేలుతుంది? ఇదివరకు నేను చేసినచోట మీటింగు నోటీసు ఏడు రోజుల ముందు ఠంచనుగా వెళ్లేది, కాగితాలు మాత్రం ముందురోజు రాత్రి పది దాటాక, మూడొందల పేజీలు. ప్రమోటర్ బావమరిది గోడౌన్‌కి అద్దె సంగతి అజెండాలో అట్టడుగున ఉండేది. అక్కడికొచ్చేసరికి అందరూ ఫ్లైట్ టైం చూసుకునేవాళ్లు. "సవివరంగా చర్చించిన మీదట" అని మినిట్స్ రాసేది నేనే.

గుంటూరు_టు_కోరమంగళ:
సత్యం కంప్యూటర్స్ గుర్తులేదా మధూ? 2008 డిసెంబర్ 16న చైర్మన్ రామలింగరాజు కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీలు రెండూ 160 కోట్ల డాలర్లకి కొంటామంటే ఆ బోర్డు సరేనంది. హార్వర్డ్ ప్రొఫెసరు, పెంటియం చిప్ వెనకున్నాయన, ఐఎస్‌బీ డీను... ఇంతకంటే పెద్ద పేర్లు ఎక్కడ తెస్తాం? గంటల్లో అడ్డం తిరిగింది వాటాదారులు. మూడు వారాలకి, జనవరి 7న, లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ రాజుగారి ఉత్తరం. కార్పొరేట్ గవర్నెన్స్‌కి అవార్డు కూడా 2008లోనే వచ్చింది, ఆ కామెడీ వేరే.

ఫైనాన్స్_పిన్ని:
అమెరికాలో భగత్, బ్లాక్ అని ఇద్దరు దీని మీదే లెక్కలు తీశారు. ఇండిపెండెంట్లు పెరిగితే పనితీరు బాగుపడిన దాఖలా దొరకలేదు. పైగా లాభాలు పడిపోయిన కంపెనీలే ఇండిపెండెంట్లను పెంచుకుంటున్నాయట, అంటే ఏది ముందు ఏది వెనక అన్నదే తిరగబడింది. యెర్మాక్ 1996లో 452 పెద్ద కంపెనీలు చూసి, చిన్న బోర్డులున్నవాటికి మార్కెట్ ఎక్కువ విలువ కడుతోందన్నాడు. అలాగని బ్యాంకుని నలుగురితో నడపమనలేం కదా.

పీణ్య_వర్క్‌షాప్:
మాది ఫ్యామిలీ కంపెనీ, బాబాయిలూ నాన్నే డైరెక్టర్లు. రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన్ని బోర్డులోకి తీసుకున్నాం. ఆయన ప్రతిసారీ అడిగేది ఒక్కటే, ఫలానా ముగ్గురి దగ్గర బాకీ ఎన్నాళ్లుగా ఉంది అని. పెద్దబాబాయికి ఒళ్లు మండేది, అందులో ఒకడు ఆయన ఫ్రెండు మరి. ఏమైతేనేం, పాత బాకీలు కదిలాయి, ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ తగ్గింది. లాభం కూడా పెరిగింది గానీ ఆ ఏడాది ఆర్డర్లూ పెరిగాయి, ఎవరి పుణ్యమో చెప్పలేను.

మారతహళ్లి_మధు:
మరి ఇన్ఫోసిస్? 2017 ఆగస్టు 18న సీఈఓ సిక్కా దిగిపోయిన రోజు షేరు దాదాపు 10 శాతం పడింది. ఆ ఒక్కరోజులో ప్రాజెక్టులేం పోలేదుగా.

ఫైనాన్స్_పిన్ని:
అది లాభం లెక్క కాదు బాబూ, పైన ఫౌండర్లకీ బోర్డుకీ కొట్లాట ఎటు పోతుందోనన్న టెన్షన్. వారం తిరక్కుండా, ఫౌండర్లలో ఒకరైన నీలేకని చైర్మన్‌గా వచ్చారు.

గుంటూరు_టు_కోరమంగళ:
సీఎస్ గారూ, మరి మాలాంటోళ్లు ఏం చూడాలి?

రాజాజీనగర్_సీఎస్:
యాన్యువల్ రిపోర్టులో ఎవరు ఎన్ని మీటింగులకొచ్చారో టేబుల్ ఉంటుంది, రిలేటెడ్ పార్టీ నోట్ (ప్రమోటర్ బంధువులతో, వాళ్ల కంపెనీలతో లావాదేవీల లెక్క) ఉంటుంది. ఇండిపెండెంట్ డైరెక్టరు గడువుకి ముందే రాజీనామా చేస్తే కారణాలతో సహా ఆ లేఖ ఎక్స్ఛేంజ్ సైట్లో పెట్టాలి, ఆయన ఇంకా ఏ లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో ఉన్నాడో కూడా. "వ్యక్తిగత కారణాలు" అని ఇక్కడ మానేసి మిగతా మూడుచోట్లా హాయిగా కొనసాగుతుంటే, ఆ షేరు నేనైతే ముట్టుకోను.