జాయింట్ హోమ్ లోన్‌లోంచి ఆయన పేరు తీయించాలి, దారి చెప్పండి

కొర్లగుంట టీచర్:
అందరికీ నమస్కారం. పొద్దున 10 గంటలకు బ్యాంకుకు పోయి, సాయంత్రం 4 దాకా కూర్చుని ఇప్పుడే ఇంటికొచ్చా. ఈ నెలలో ఇది మూడోసారి. తిరుచానూరు రోడ్డులో మా ఫ్లాటు మీద జాయింట్ హోమ్ లోన్ ఉంది. ఆయనా నేనూ విడిపోయి ఏడాదిన్నర అయింది. ఆయన పేరు తీసేసి లోన్ నా ఒక్కదాని పేరు మీద పెట్టండి అంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. చివరికి ఒకాయన ఫారం ఇచ్చాడు. అందులో పేరు తొలగించడానికి కారణం అన్న చోట మరణం అని ఒక్కటే అచ్చు వేసి ఉంది. ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని అట్లే కూర్చుండిపోయా. కనీసం స్టేట్‌మెంట్ తీసుకుందామన్నా ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. ఈఎమ్‌ఐ మాత్రం ఏడాదిన్నరగా మొత్తం నేనే కడుతున్నా. మీలో ఎవరైనా ఈ పని చేయించుకుని ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బైరాగిపట్టెడ:
విడాకులు వచ్చాయా? రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద? మీ జీతం ఎంత? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

లీలామహల్ సర్కిల్:
మేడమ్, అన్నిటికంటే ముందు మీ సిబిల్ (అప్పులు ఎట్లా కట్టారో చూపే రికార్డు) చూసుకోండి. జాయింట్ లోన్‌లో ఒక్క ఈఎమ్‌ఐ తప్పినా ఇద్దరి రికార్డులోనూ పడుతుంది. మా చిన్నాన్న కొడుకు లోన్‌కు నేను సంతకం పెట్టి, వాడు కట్టకపోతే నాకు బండి లోన్ కూడా రాలేదు. సంతకం పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలని అందరికీ చెప్తా ఉంటాను. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగానే ఇస్తారు, ఈరోజే తీసుకోండి.

కొర్లగుంట టీచర్:
సిబిల్ బాగానే ఉంది సార్, ఒక్క నెల కూడా తప్పలేదు. మ్యూచువల్ డైవోర్స్ వేశాం, ఫస్ట్ మోషన్ (కోర్టులో మొదటి విడత) అయింది, ఇంకా డిక్రీ (విడాకుల తీర్పు) రాలేదు. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరు మీదా ఉంది. నాకు చేతికొచ్చేది 42 వేలు. 2019లో 28 లక్షలు తీసుకున్నాం, ఇంకా 23.8 లక్షలు ఉంది. ఈఎమ్‌ఐ 24,300. డిక్రీలో ఇల్లు నాదని రాస్తే ఆ కాపీ చూపించి పేరు తీయించొచ్చు కదా?

చిత్తూరు రిటైర్డ్ మేనేజరు:
అమ్మా, నేను 30 ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసినవాణ్ణి. మీరు రెండు పనులను ఒకటిగా చూస్తున్నారు. అప్పులో ఆయన పేరు ఒకటి, ఇంటి మీద ఆయన హక్కు ఇంకొకటి. కోర్టు కేసులో బ్యాంకు పార్టీ కాదు. డిక్రీలో అప్పు మీదే అని రాసినా ఆ మాట మీ ఇద్దరి మధ్యే, బ్యాంకును కట్టిపడేయదు. జాయింట్ లోన్ అంటే సగం సగం అని చాలామంది అనుకుంటారు. కాదు. మొత్తం అప్పుకు ఇద్దరూ బాధ్యులే. ఇద్దరి జీతాలు చూసి ఇచ్చిన అప్పులోంచి ఒకరిని వదిలేయాలంటే, మీ ఒక్కరి జీతం మీద ఆ అప్పు నిలబడుతుందా అని మళ్లీ మొదటినుంచి చూస్తారు. అంటే ఇది పేరు కొట్టేసే పని కాదు, కొత్త లోన్ లాంటిదే. కౌంటర్లో ఆ మాట ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

ఇక లెక్క. జీతంలో సుమారు సగం దాకా ఈఎమ్‌ఐకి ఒప్పుకుంటారు, అంటే మీకు 21 వేలు. ఇప్పటి 24,300 దాటిపోతోంది. అదే 23.8 లక్షలను 8.5 శాతం వడ్డీతో మళ్లీ 20 ఏళ్లకు వేస్తే 20,700 లోపే వస్తుంది. వేరే అప్పులు లేకపోతే మీకు దారి ఉంది. గడువు పెరిగితే మొత్తం వడ్డీ పెరుగుతుంది, అది తెలిసే చేయండి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు అసలులో కట్టుకుంటూ పోవచ్చు.

గ్రీమ్స్‌పేట:
అక్కా, నాదీ ఇదే కథ. నా బ్యాంకు రెండు నెలలు తిప్పి కాదంది. వేరే బ్యాంకులో నా పేరు మీద కొత్త లోన్ పెట్టుకుని పాతది మూయించా. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) అయితే హోమ్ లోన్ ముందుగా మూసినందుకు చార్జీ వేయకూడదు, 2012 నుంచి రిజర్వు బ్యాంకు రూల్ అది. నన్ను అడిగితే ఆ రూల్ చెప్పా, ఊరుకున్నారు.

పన్ను లెక్కలు:
ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పడం లేదు. ఆయన వాటా మీ పేరు మీదికి మార్చేది డిక్రీ రాకముందే చేయండి. భార్యాభర్తల మధ్య ఉచితంగా వచ్చిన ఆస్తికి తీసుకున్నవాళ్లకు ఇన్‌కమ్ టాక్స్ లేదు. డిక్రీ వచ్చాక మీరిద్దరూ చట్టం దృష్టిలో బంధువులు కారు. అప్పుడు మీకు పన్ను పడే అవకాశం ఉంది. ఇప్పుడే గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయించుకోండి.

బైరాగిపట్టెడ:
గిఫ్ట్ కాదు. ఇద్దరూ కో-ఓనర్లు, కాబట్టి విడుదల దస్తావేజు, అంటే ఒకరు తన వాటా హక్కు ఇంకొకరికి వదులుకునే పత్రం.

పన్ను లెక్కలు:
కుటుంబంలో సెటిల్‌మెంట్‌కు స్టాంపు డ్యూటీ తక్కువ సార్. ఆమెకు ప్రతి రూపాయీ ముఖ్యం.

బైరాగిపట్టెడ:
రెండింటికీ చలానా ఎంతవుతుందో రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే చెప్తారు. వాదన ఎందుకు?

కొర్లగుంట టీచర్:
ఇంకో విషయం చెప్పడం మర్చిపోయా. లోన్‌లో మెయిన్ అప్లికెంట్ ఆయనే, నేను కో-అప్లికెంట్. అప్పట్లో నా జీతం 18 వేలే. ఆయన సంతకం పెడతా అంటున్నాడు, కానీ మొదట్లో తన తరఫున కట్టిన 4 లక్షలు ఇవ్వమంటున్నాడు.

చిత్తూరు రిటైర్డ్ మేనేజరు:
ఇది మొదటే చెప్పాల్సింది అమ్మా. మెయిన్ అప్లికెంటే పోతున్నాడు కాబట్టి మీ బ్యాంకు ఒప్పుకోవడం ఇంకా కష్టం. గ్రీమ్స్‌పేట చెల్లెలు చెప్పినట్లు వేరే బ్యాంకు దారే మీకు సులువు. ముందు ఆ కొత్త బ్యాంకు నుంచి శాంక్షన్ లెటర్ (లోన్ మంజూరు పత్రం) తెచ్చుకోండి. ఇల్లు తాకట్టులో ఉంది కాబట్టి, దస్తావేజు రాసే ముందు పాత బ్యాంకు నుంచి అనుమతి లెటర్ అడగండి. అప్పు తీరిపోయిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇవ్వాలి, ఆలస్యానికి కారణం బ్యాంకే అయితే రోజుకు 5 వేలు కట్టివ్వాలి. 2023 డిసెంబరు నుంచి ఆ రూల్ ఉంది. పాత తాకట్టు రద్దయినట్లు ఈసీలో (ఆస్తి మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రార్ ఆఫీసు పత్రంలో) వచ్చిందో లేదో కూడా చూసుకోండి.

4 లక్షలు ఇస్తే అది గిఫ్ట్ ఎట్లవుతుంది? దస్తావేజులో ఆ డబ్బు రాయించండి. చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. చేతికి నగదు ఇవ్వొద్దు, ఎంత నమ్మకం ఉన్నా సరే.

లీలామహల్ సర్కిల్:
ఆయన ఎందుకు ఒప్పుకుంటున్నాడో కనుక్కోండి మేడమ్. ఆయన వేరే ఇల్లు కొనాలనుకుంటే ఈ లోన్ ఆయన పేరు మీద ఉన్నంతకాలం కొత్త లోన్ రావడం కష్టం. పేరు పోవడం ఆయనకూ అవసరమే, 4 లక్షల దగ్గర మాట్లాడేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

కొర్లగుంట టీచర్:
బెంగళూరులో ఫ్లాట్ చూస్తున్నాడని మా ఆడపడుచు చెప్పింది. ఈ కోణం నాకు తట్టలేదు సార్.

గ్రీమ్స్‌పేట:
లాయరు ఖర్చుకు భయపడొద్దు అక్కా. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇంటి గురించి, 4 లక్షల గురించి ఒప్పందం మొత్తం రాతలో పెట్టి కోర్టులో వేయించండి. నోటి మాట మీద ఉండొద్దు.

కొర్లగుంట టీచర్:
సరే. రేపు స్కూల్లో పర్మిషన్ పెట్టి డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి, తర్వాత ఇంకో బ్యాంకుకు పోతా. థ్యాంక్స్ అందరికీ.

రాజంపేట:
మాదీ ఇట్లాంటిదే. మా ఆయన కువైట్‌లో ఉన్నాడు, రావడం కుదరదంటున్నాడు. సంతకం ఎట్ల?

బైరాగిపట్టెడ:
అక్కడి మన ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపమనండి. ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. మీది వేరే ప్రశ్న, విడిగా అడగండి.